కుట్టు కనిపించని అంచు: ఇంటి మిషన్ మీదే ఇలా కుట్టండి



మిషన్ ఇంటికొచ్చింది. శిక్షణ పూర్తయింది. సర్టిఫికెట్ కవర్లో భద్రంగా ఉంది. ఇక అసలు ప్రశ్న: రోజూ పని ఎలా వస్తుంది?

బ్లౌజులు, డ్రెస్సులు పండగలకీ పెళ్లిళ్లకీ వస్తాయి. మధ్యలో చాలా రోజులు ఖాళీ. ఆ ఖాళీ రోజుల్లో మన గుమ్మం ముందుకొచ్చేది చిన్న పని: ప్యాంటు పొడవు తగ్గించడం, కుర్తీ అంచు మడవడం, పాప స్కూలు స్కర్టు దించడం, చీరకు ఫాల్ వేయడం. ఇవన్నీ అంచు పనులే. అంచు పనికి పరీక్ష ఒక్కటే. కుట్టు పైకి కనిపించకూడదు.

ఒక గ్రామంలో లబ్ధిదారులతో మాట్లాడుతుంటే ఒక అక్క ఇలా చెప్పింది: "సార్, కొలత సరిగ్గానే తీశాను. పొడవు కూడా సరిపోయింది. కానీ కింద గీత గీసినట్టు కుట్టు కనిపిస్తోందని ప్యాంటు వెనక్కి తెచ్చారు. విప్పి, రాత్రి కూర్చుని చేత్తో కుట్టిచ్చాను. ఇక డబ్బులు అడగడానికి నోరు రాలేదు."

ఆ మాట కోసమే ఈ పీడీఎఫ్. నేను చదివింది జర్నలిజం, టైలరింగ్ కాదు. అందుకని శిక్షణ ఇచ్చే మేడమ్ పక్కన కూర్చుని, నా పాత ప్యాంటు మీదే కుట్టి నేర్చుకున్నాను. మొదటి కాలు పాడైంది. రెండో కాలికి కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రెండు కాళ్ల మధ్య తేడా ఏమిటో కింద వివరంగా రాశాను. చదివి, ఫోన్‌లో దాచుకోండి. పక్కింటి మిషన్ అక్కకూ పంపండి.

ఈ కుట్టు ఎలా పనిచేస్తుంది?

దీన్ని టైలర్లు బ్లైండ్ హెమ్ అంటారు. మామూలు అంచు కుట్టులో సూది మడత మొత్తాన్నీ పైవైపు దాకా పొడుస్తుంది. అందుకే బయటికి వరుసగా కుట్లు కనిపిస్తాయి.

బ్లైండ్ హెమ్‌లో అలా కాదు. సూది నాలుగైదు కుట్లు లోపల దాగి ఉండే అంచు మీదే వేస్తుంది. ఆ తర్వాత ఒక్కసారి ఎడమకు జరిగి, పైబట్ట మడతలో ఒకటి రెండు పోగులను మాత్రం పట్టుకుని వెనక్కి వస్తుంది. మళ్లీ నాలుగైదు లోపల, మళ్లీ ఒకటి మడత మీద. బట్ట విప్పి చూస్తే పైవైపు అక్కడొకటి అక్కడొకటి చిన్న చుక్క. దారం రంగు కలిస్తే అది కూడా కంటికి ఆనదు.

చేత్తో చేసే హెమ్మింగ్‌లో (కొన్నిచోట్ల తురుపాయి అంటారు) మనం చేసేదీ ఇదే. ఆ పనిని మిషన్ త్వరగా చేస్తుంది. అంతే తేడా.

ముందు మీ మిషన్ ఏదో చూసుకోండి

లబ్ధిదారుల దగ్గర రెండు రకాల మిషన్లు ఉంటున్నాయి.

మొదటిది జిగ్‌జాగ్ వచ్చే మిషన్. దీనికి కుట్టు మార్చుకునే చక్రం ఉంటుంది. ఆ చక్రం మీద బొమ్మలు చూడండి. కొంతదూరం సాదా గీత, మధ్యలో ఒక పెద్ద కొన ఉన్న బొమ్మ కనిపిస్తే అదే బ్లైండ్ హెమ్. చిన్న చిన్న జిగ్‌జాగ్‌ల మధ్య ఒక పెద్ద కొన ఉంటే అది సాగే బట్టలకు. మిషన్‌తో వచ్చిన చిన్న డబ్బాలో, మధ్యలో నిలువు రేకు ఉన్న ఫుట్ ఒకటి ఉందేమో వెతకండి. అది బ్లైండ్ హెమ్ ఫుట్. చాలామంది ఆ డబ్బా తెరవకుండానే బీరువాలో పెట్టేస్తారు. అందులో లేకపోతే విడిభాగాల షాపులో అడగండి. మీ మిషన్ పాత ఫుట్‌ను వెంట తీసుకెళ్లండి. అన్ని ఫుట్‌లూ అన్ని మిషన్లకూ పట్టవు.

రెండోది సాదా కుట్టు మాత్రమే వచ్చే నల్ల మిషన్. తొక్కేదైనా, మోటారు పెట్టిందైనా దీంట్లో సూది పక్కకు జరగదు. కాబట్టి బ్లైండ్ హెమ్ దానంతట అది పడదు. మీది ఇదే అయితే నిరాశపడొద్దు. మీ కోసం కింద వేరే భాగం ఉంది. మడత భాగం మాత్రం మీరూ చదవండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బట్ట రంగు దారం. షాపులో రీలు మీద చూసి తీసుకోవద్దు. ఒక పోగు లాగి బట్ట మీద పరిచి చూడండి. సరిగ్గా కలిసే రంగు దొరక్కపోతే ఒక ఛాయ ముదురుది తీసుకోండి. లేత దారం మెరిసి కనబడుతుంది, ముదురుది అణిగిపోతుంది.
- సన్నటి, పదునైన సూది. పలుచటి బట్టకు 11 నంబరు, ప్యాంటు బట్టకు 14. లావు సూది చేసిన రంధ్రం, కుట్టు దాగినా కనిపిస్తుంది.
- టేపు, మార్కింగ్ చాక్, గుండుసూదులు.
- ఇస్త్రీ పెట్టె. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.
- అదే బట్ట ముక్క ఒకటి. ప్యాంటు కత్తిరించగా మిగిలిన ముక్కే చాలు.

కొలత తీసేటప్పుడు

కాటన్ బట్ట కొత్తదైతే ముందు నీళ్లలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలవండి. లేకపోతే మొదటి ఉతుకులో కుంచించుకుపోయి, ప్యాంటు పొట్టిదైపోతుంది. తప్పు మీదే అంటారు.

కస్టమర్ రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని నిలబడమనండి. రెండు కాళ్లూ విడివిడిగా కొలవండి. చాలామందికి నిలబడే తీరులో, నడుము దగ్గర కట్టుకునే తీరులో కొంచెం తేడా ఉంటుంది. కావలసిన పొడవు దగ్గర చాక్‌తో గీత పెట్టండి. ఆ గీత కింద ఒకటిన్నర ఇంచు మడతకు వదిలి, మిగతాది కత్తిరించండి.

పిల్లల స్కర్టు, గౌను అయితే రెండు మూడు ఇంచులు వదలండి. వచ్చే ఏడాది పాప పొడవు పెరిగితే ఆ మడతే దించొచ్చు. ఆ సంగతి తల్లికి ముందే చెప్పండి. దించే పని కూడా మీ దగ్గరికే వస్తుంది.

మడత: అసలు పని ఇక్కడే

నేను పాడుచేసిన మొదటి కాలికి కారణం మిషన్ కాదు, మడత. ముందు న్యూస్‌పేపర్ ముక్క మీద ఇలాగే మడిచి చూడండి. ఒకసారి చేతికి అర్థమైతే ఇక మర్చిపోరు.

1. కత్తిరించిన అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేయండి. ఓవర్‌లాక్ లేకపోతే జిగ్‌జాగ్ చాలు.

2. ప్యాంటును తిరగేయండి. లోపలి వైపు బయటికి రావాలి. చాక్ గీత దగ్గర అంచును పైకి మడిచి గట్టిగా ఇస్త్రీ చేయండి. ఈ మడతే చివరికి ప్యాంటు అడుగు అవుతుంది.

3. ఓవర్‌లాక్ చేసిన అంచుకు పావు ఇంచు కింద, చుట్టూ గుండుసూదులు పెట్టండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు గుండుసూదుల బదులు పొడవాటి కచ్చా కుట్టు వేసుకుంటే ఇంకా మంచిది.

4. ఇప్పుడు ఆ మడత మొత్తాన్నీ బట్ట అడుగుకు తిప్పేయండి. కచ్చా కుట్టు ఉన్న గీత దగ్గర బట్ట మెత్తగా ముడుచుకోవాలి. ఓవర్‌లాక్ చేసిన పావు ఇంచు అంచు మాత్రం కుడివైపు బయటికి కనిపిస్తూ ఉండాలి. ఈ రెండో మడతకు ఇస్త్రీ చేయొద్దు. చేస్తే పైవైపు గీత పడిపోతుంది.

ఇప్పుడు మీ ముందు ఎడమవైపు ప్యాంటు బట్ట, దాని మెత్తటి మడత, ఆ మడత పక్కనుంచి కుడివైపు పావు ఇంచు అంచు. ఇలా కనిపిస్తే మడత సరిగ్గా పడినట్టే. అంచు కనిపించకుండా పోతే, అర ఇంచు పైగా బయటికొస్తే విప్పి మళ్లీ మడవండి. ఇక్కడ రెండు నిమిషాలు పెడితే అక్కడ అరగంట విప్పే పని తప్పుతుంది.

కింద సన్నగా ఉండే ప్యాంటు అయితే పైకి మడిచిన అంచు బిగుసుకుని బట్ట ముడతలు పడుతుంది. అప్పుడు సైడు కుట్టును మడత వెడల్పు మేర కొద్దిగా విప్పండి. మడత వదులై చక్కగా పరుచుకుంటుంది.

మిషన్ మీద కుట్టడం

బ్లైండ్ హెమ్ ఫుట్ బిగించండి. కుట్టు చక్రాన్ని ఆ బొమ్మ మీదికి తిప్పండి. కుట్టు పొడవు 2 దగ్గర, వెడల్పు 3 దగ్గర మొదలుపెట్టండి. పై దారం టెన్షన్ మామూలుకంటే కొంచెం వదులు చేయండి. బిగుతుగా ఉంటే ప్రతి చుక్క దగ్గర బట్ట గుంట పడుతుంది.

ముందు ముక్క బట్ట మీద. ఇది తప్పదు. ఎన్నేళ్ల అనుభవం ఉన్న టైలరైనా కొత్త బట్టకు ముందు ముక్క మీదే చూస్తారు.

బట్టను ఫుట్ కింద పెట్టి, మెత్తటి మడత నిలువు రేకుకు ఆనేలా సర్దండి. సాదా కుట్లు కుడివైపు అంచు మీద పడాలి. చేతిచక్రాన్ని మెల్లగా మీవైపు తిప్పుతూ సూది ఎడమకు జరిగేదాకా చూడండి. సూది మడతలో ఒకటి రెండు పోగులనే పట్టుకుంటోందా? ఎక్కువ పడుతుంటే కుట్టు వెడల్పు తగ్గించండి. అసలు పట్టకపోతే పెంచండి. కొన్ని ఫుట్‌లకు చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే రేకు అటూ ఇటూ జరుగుతుంది. దాంతోనూ సరిచేసుకోవచ్చు.

ముక్క మీద సరిగ్గా వచ్చాక ప్యాంటు మీద మొదలుపెట్టండి. కాలి లోపలి సైడు కుట్టు దగ్గర ప్రారంభిస్తే మొదలూ చివరా కనబడవు. చూపు సూది మీద కాదు, రేకు మీద ఉంచండి. మడత రేకుకు ఆనుకుని వెళ్తుంటే సూది పని సూది చూసుకుంటుంది. బట్టను లాగొద్దు, తోయొద్దు. గుండుసూదులు ఫుట్ దగ్గరికి రాకముందే తీసేయండి. కాలి గొట్టం ఇరుకుగా ఉంటే, మిషన్ ముందు పలకను తీయగలిగే వీలుందేమో చూడండి. కొన్ని ఇంటి మిషన్లకు అది ఊడి వస్తుంది, అప్పుడు గొట్టాన్ని చేతికి గాజు ఎక్కించినట్టు ఎక్కించొచ్చు.

అయిపోయాక కచ్చా కుట్టు తీసేసి, మడత విప్పి, లోపలి వైపునుంచి పైన పలుచటి గుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. ఇప్పుడు ప్యాంటు తిప్పి చూడండి. చుక్కలు కనిపిస్తున్నాయా? చేతి దూరంలో పట్టుకుని చూస్తే కనబడకపోతే పని బాగున్నట్టే.

తేడా వస్తే కారణం ఇదీ

పైవైపు పెద్ద కుట్లు కనిపిస్తున్నాయి: సూది మడతలోకి లోతుగా వెళ్తోంది. వెడల్పు తగ్గించండి.

కొన్నిచోట్ల అంచు వేలాడుతోంది: అక్కడ సూది మడతను పట్టలేదు. మడత రేకు నుంచి జారింది. అంత మేరకు చేత్తో రెండు కుట్లు వేస్తే చాలు, మొత్తం విప్పక్కర్లేదు.

చుక్కల దగ్గర గుంటలు: పై టెన్షన్ బిగుతు. కొంచెం వదులు చేయండి.

అంచు మెలితిరిగినట్టు ఉంది: కుట్టేటప్పుడు బట్ట లాగారు, లేదా మొదటి ఇస్త్రీ మడత వంకరగా పడింది. ఇది మాత్రం విప్పి మళ్లీ చేయాలి.

సాదా మిషన్ మాత్రమే ఉంటే

మీకు రెండు దారులున్నాయి.

ఒకటి: అంచు పోగులు ఊడకుండా బయట ఓవర్‌లాక్ చేయించి తెచ్చుకోండి. పైన చెప్పినట్టు మడిచి, ఇస్త్రీ చేసి, చేత్తో హెమ్మింగ్ చేయండి. ఒంటి పోగు దారం, సన్నటి సూది. అంచు లోపల పావు ఇంచు వదిలి, పైబట్టలో ఒక్క పోగు పట్టుకోవాలి. దారం లాగి బిగించకూడదు. వదులుగా ఉన్న కుట్టే దాగుతుంది.

రెండు: జీన్స్. ఇది పూర్తిగా మీ మిషన్ పనే. జీన్స్ పొడవు తగ్గిస్తే కింద కంపెనీ కుట్టు పోతుందని యువతకు బాధ. ఆ కుట్టు అలాగే ఉంచి తగ్గించొచ్చు. ఎలాగంటే: రెండు ఇంచులు తగ్గించాలనుకోండి. జీన్స్ కింది అంచును పైవైపుకే మడవండి. కంపెనీ అంచు పట్టీ పై చివర నుంచి కొత్త మడత దాకా ఒక ఇంచు ఉండాలి. అంటే తగ్గించాల్సిన దాంట్లో సగం. కంపెనీ పట్టీని ఆ కొలతలో కలపొద్దు. ఇప్పుడు ఆ పట్టీకి సరిగ్గా ఆనుకుని, దాని మీదికి ఎక్కకుండా, చుట్టూ సాదా కుట్టు వేయండి. పట్టీని కిందికి దించి, ఎక్కువైన బట్టను లోపలికి పంపి, ఇస్త్రీ చేయండి. పాత అంచు యథాతథంగా ఉంటుంది, కొత్త కుట్టు దాని గాడిలో దాగుతుంది. సూది 16 నంబరు పెట్టండి, మందం జీన్స్‌కు 18. సైడు కుట్ల దగ్గర పొరలు ఎక్కువ కాబట్టి అక్కడ చక్రం చేత్తో తిప్పండి. లేదంటే సూది విరుగుతుంది.

ఏ బట్టకు వద్దు

షిఫాన్, జార్జెట్ లాంటి పలుచటి బట్టలకు మిషన్ బ్లైండ్ హెమ్ వేయొద్దు. లోపలి మడతే పైకి కనిపిస్తుంది. వాటికి సన్నటి చుట్టు మడత గానీ పీకో గానీ బాగుంటుంది. అంబ్రెల్లా, అనార్కలీ ఘేరాకు కూడా పెద్ద మడత కుదరదు. గుండ్రటి అంచు మడిస్తే పై అంచు పొడవు ఎక్కువై ముడతలొస్తాయి. వాటికి సన్నగా మడవండి, లేదా క్రాస్ పట్టీ వేయండి.

బాగా కుదిరేవి: ప్యాంటు బట్ట, మధ్యరకం కాటన్, స్కూలు యూనిఫాం బట్ట, సాదా స్కర్టులు, తెరలు. తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాల సభ్యులే కుడుతున్నారు. అలాంటి పని చేసిన చేయికి ఇది తేలిగ్గా వస్తుంది.

చీర ఫాల్ సంగతి

ఫాల్‌ది కూడా ఇదే సూత్రం. ముందుగా ఫాల్ బట్టను తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. ఇది మానేస్తే ఉతికాక చీర అంచు ముడుచుకుపోతుంది. కింది అంచును మిషన్ మీద కుట్టొచ్చు. పై అంచును మాత్రం చేత్తో, ఒక్కో పోగు పట్టుకుని హెమ్మింగ్ చేయండి. పట్టు చీరకు మిషన్ ప్రయోగం వద్దు. పట్టులో సూది పడిన రంధ్రం పూడదు.

రేటు ఎలా చెప్పాలి

మీ ఊళ్లో రేటు మీకే తెలుసు. కానీ ఒక పని చేయండి. ఒక్కో ప్యాంటుకు మొదలునుంచి ఇస్త్రీ దాకా ఎంతసేపు పట్టిందో నోటుబుక్కులో రాయండి. పది ప్యాంట్లయ్యాక ఆ టైము సగానికి సగం తగ్గడం మీరే చూస్తారు. సాదా అంచుకు ఒక రేటు, కనిపించని అంచుకు దానికంటే ఎక్కువ రేటు పెట్టండి. రెండు నమూనా ముక్కలు కుట్టి గుమ్మం దగ్గర వేలాడదీయండి. చూశాక కస్టమరే అడుగుతారు.

మొహమాటంతో డబ్బులు వదిలేయొద్దు. తప్పు మనదైతే ఉచితంగా సరిచేయాలి. పని బాగున్నప్పుడు కూలి అడగడం తప్పు కాదు.

మిషన్ ఇంకా రాని వారికి

కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో టైలరింగ్ ఒకటి. 18 ఏళ్లు నిండి, ఆ వృత్తిలో సొంతంగా పనిచేస్తున్న వారు అర్హులు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు.

- శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భృతి.
- పనిముట్ల కోసం రూ.15,000 వరకు.
- పూచీకత్తు లేకుండా రుణం: మొదటి విడత రూ.1 లక్ష వరకు, 18 నెలల్లో తీర్చాలి. రెండో విడత రూ.2 లక్షల వరకు, 30 నెలల్లో తీర్చాలి. లబ్ధిదారు కట్టే వడ్డీ 5 శాతం.

ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు తీసుకుని దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. నమోదు ఉచితం. పేరు ఎక్కిస్తామని డబ్బులడిగే మధ్యవర్తుల్ని నమ్మొద్దు. దరఖాస్తును మొదట మీ గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ స్థాయిలో పరిశీలిస్తారు.

చివరిగా

ఈ రోజే పాత ప్యాంటు ఒకటి తీయండి. ఇంట్లో వాళ్లదే. ఒక కాలికి కుట్టండి, విప్పండి, మళ్లీ కుట్టండి. మూడోసారికి చేయి తిరుగుతుంది. ప్యాంటు వెనక్కి తెచ్చారని బాధపడిన ఆ అక్క కూడా అలాగే మొదలుపెట్టింది. మిషన్ మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ రిమోటు పెట్టుకునే ఇళ్లు మన జిల్లాలో ఉండకూడదన్నదే మా కోరిక.

సందేహాలుంటే మీ శిక్షణ కేంద్రం మేడమ్‌ను అడగండి. ముక్క బట్ట వెంట తీసుకెళ్లడం మర్చిపోకండి.

జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ